ఎర్రపిల్లలు నల్లబడేదాకా

ఆ రోజు కూడా ఉత్త చేతులతోనే ఇంటికి వచ్చాను. అది ఏడో రోజు. ఎర కోసం తీసుకెళ్లిన ముంతలో మూడు కప్పలు మిగిలితే వాటిని పెరట్లో వదిలేశాను. గాలం కర్రను చూరు కింద ఆనించి కాళ్లు కడుక్కున్నాను. మోకాళ్ల దాకా పట్టిన బురద ఎండిపోయి, రెండు చెంబులు పోసినా వదల్లేదు. మూడో చెంబు ముంచే ఓపిక లేక అలాగే లోపలికి వెళ్లాను.

మంచం మీద నా భార్య నాగేశ్వరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మొదటి రెండు మూడు రోజులు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "దొరికిందా?" అని అడిగేది. ఇప్పుడు అడగడం మానేసింది.

"గంజి తాగినవా?" అన్నాను.

"తాగిన."

మంచం పక్కన పీట మీద గ్లాసు నిండుగానే ఉంది. గంజి మీద మీగడలా పొర కట్టి, అంచున రెండు చీమలు తిరుగుతున్నాయి. నేను గ్లాసు తీసుకెళ్లి కోళ్ల ముందు పోశాను.

ఆమెకు ఎండాకాలం చివర్లో గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు కూడా మంచివాడు. కుట్లు విప్పేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "ఈమెను తినిపించండి, ఒంట్లో ఏమీ లేదు, తింటేనే గాయం మానుతుంది" అని చెప్పాడు. అన్ని కుట్లూ మానాయి కానీ ఒక మూల మాత్రం తడి ఆరలేదు. నెల దాటింది. పప్పు పెడితే వెగటు అంటుంది. గుడ్డు వాసనకే వాంతి చేసుకుంటుంది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, నేను చూడనప్పుడు కొంగులో ఉమ్మేస్తుంది. చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి. ఒక్కసారి మాత్రం తనంతట తాను నోరు తెరిచి, "కొర్రమీను చారు అయితే తాగుతనేమో" అంది.

మద్దేడ్ సంతలో చూశాను. వరుసగా రెండు వారాలు వెళ్లాను. మంచు పెట్టెల్లో బొచ్చె, రవ్వ ఉన్నాయి. కొర్రమీను లేదు. వానలకు అవతల రోడ్డు తెగింది, బండి రాలేదు అన్నాడు అమ్మేవాడు. మంచులో పెట్టిన రవ్వ ఒకటి తెచ్చి వండితే ఆమె ముక్కు మూసుకుంది. కొర్రమీను అంటే బతికి ఉన్నప్పుడు కోయాలి. చచ్చిన కొర్రమీనును మా వైపు ఎవరూ పొయ్యి ఎక్కించరు.

అందుకే మా ఊరి చెరువు మీద పడ్డాను.

ముప్పై ఏళ్లుగా ఆ చెరువులో గాలం వేస్తున్నాను. చదువు నాకు ఐదో తరగతి దాకానే ఉంది. చెరువు మాత్రం కొంచెం తెలుసు. కొర్రమీను ఏడాది పొడుగునా ఒకచోట ఉండదు. ఎండాకాలంలో నీళ్లు అడుగంటినప్పుడు తూము ముందున్న గుంటలోకి దిగుతుంది. అప్పుడు తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే వానపాములు గుచ్చి లోతుకు వేయాలి. ఊపిరికి పైకొచ్చినప్పుడు ఒక్క బుడగ లేస్తుంది. ఆ బుడగ ఎక్కడ లేచిందో అక్కడికి కాకుండా, రెండు మూరలు ముందుకు వేయాలి. చలికాలంలో దానికి బద్ధకం. మధ్యాహ్నం ఎండ కాచుకోవడానికి ఒడ్డున తుంగలోకి వస్తుంది. అప్పుడు చిన్న పరక చేపను బతికుండగా కట్టి, కదపకుండా నిలపాలి. తొలి వానలకు ఎదురు నీటిలో వరిమళ్లలోకి ఎక్కుతుంది. అప్పుడు కప్ప. కప్పను వెన్నులో గుచ్చితే చచ్చిపోతుంది. తొడ చర్మానికి గుచ్చాలి. కలువాకు మీద దించి, దానంతట అది నీళ్లలోకి దూకేలా తంగూసు దారాన్ని వదులుగా పట్టుకోవాలి. చేప అందుకోగానే లాగేవాడు ఏమీ పట్టలేడు. అది కప్పను నోట కరుచుకుని వెనక్కి తిరిగేదాకా, మనసులో మూడుసార్లు రామనామం అనుకునేంత సేపు ఆగాలి. మా నాన్న అలాగే నేర్పాడు.

ఇక ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి పిల్లల కాలం. తుంగ మధ్య గూడులా చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలు లేచాక అవి వందల కొద్దీ ఒకే ముద్దలా తిరుగుతాయి. కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఉంటాయి. ఊపిరికి అన్నీ ఒక్కసారే పైకొస్తాయి. అప్పుడు అంతమేర నీళ్ల మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. కింద పెద్దచేప కాపలా ఉంటుంది. ఆ నెలా నెలన్నర అది తిండి తినదంటారు. కానీ పిల్లల మధ్యలో కప్పను వేస్తే మాత్రం వచ్చి కరుస్తుంది. ఆకలికి కాదు, కోపానికి. ఏడాది మొత్తంలో కొర్రమీనును పట్టడానికి అంతకన్నా సులువైన రోజులు లేవు. పదేళ్ల పిల్లవాడు కూడా పట్టగలడు.

అలా పట్టీ పట్టీ మా చెరువులో కొర్రమీను లేకుండా చేసుకున్నాం. పెద్దచేప పోతే ఆ పిల్లల్ని జెల్లలు, కొంగలు మూడు రోజుల్లో ఊడ్చేస్తాయి. నాలుగేళ్ల కిందట చేపల సమితివాళ్లం పదకొండు ఇళ్లవాళ్లం కట్ట మైసమ్మ ముందు కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఎర్రపిల్లలు నల్లబడేదాకా ఆ ముద్ద మీద ఎవరూ గాలం వేయకూడదు. నల్లబడితే అవి విడిపోతాయి, ఎవరి బతుకు వారు చూసుకుంటాయి. ఆ తర్వాత పెద్దచేపను పట్టుకోవచ్చు. తప్పినవాడు ఏడాది పాటు చెరువులో గాలం ముట్టకూడదు. అందరం నీళ్లలో చేయి ముంచి ఒప్పుకున్నాం. ఆ మాట ముందుగా పెట్టింది నేనే. సమితి పెద్దను కూడా నేనే.

ఆ ఏడో రోజు సాయంత్రం కోసే వచ్చింది. కోసే అంటే మా పక్కింటి హిడ్మా భార్య. ఊరికి మితానిన్, అంటే ఆరోగ్య కార్యకర్త కూడా ఆమే. జ్వరాలకు మాత్రలు ఇచ్చేది, నిండు గర్భిణులను ఆసుపత్రికి తీసుకుపోయేది, కట్లు మార్చేది అంతా ఆమే. నాగేశ్వరమ్మను అక్కా అంటుంది కాబట్టి నన్ను బావా అంటుంది.

"ఏంది బావా, ఈయాల గూడ చెరువుకు దండం పెట్టి వచ్చినవా?"

"దొరకలే."

"దొరకవు. నీళ్లు నిండినయి, చేప చెదిరింది. నీకు తెల్వదా?" అంటూ కట్టు విప్పింది. దూది ఆ మూల తాకించి తీసి, వెలుతురుకు పట్టి చూసింది. కొత్త కట్టు వేసింది. బయటికి వచ్చాక గొంతు తగ్గించి అంది: "రేపటి మాట కాదు బావా, గని ఇట్లనే ఉంటే మల్ల జిల్లాకు తీస్కపోవాలె. మల్ల కోస్తరేమో. కోస్తె తట్టుకునే రక్తం అక్క ఒంట్ల లేదు. ఏమన్న తినిపియ్యి. ఏదన్న గని, తినిపియ్యి."

"తింటలేదు కోసే."

"నాకు జెప్తే ఏమొస్తది? తినేది ఏందో చూసి పెట్టు."

ఆమె వెళ్లిపోయాక దీపం వెలిగించాను. రోజూ చేసే దండమే. కానీ ఆ రోజు నోటితో రామనామం అంటుంటే మనసు తూము పక్కనున్న కలువల దగ్గరికి పోయింది. అక్కడ ఒక ముద్ద ఉంది. పది రోజుల కిందట చూశాను. ఎర్రగా, పళ్లెమంత వెడల్పున తిరుగుతోంది. ఆ తర్వాత పొద్దున పూట నేను ఆ వైపు వెళ్లలేదు. మత్తడి దగ్గర వేశాను, ఎదురు నీళ్లలో వేశాను, బీడు చివర తుంగలో వేశాను. తూము వైపు మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో నాకు తెలుసు. వెళితే రంగు కనిపిస్తుంది.

హిడ్మా సంగతి కూడా చెప్పాలి. పోయినేడు ఇదే శ్రావణంలో వాళ్లమ్మ మంచం పట్టింది. రేపో మాపో అన్నట్టు ఉంది. ముసలామె కొర్రమీను అడిగింది. హిడ్మా పట్టపగలు, నలుగురు చూస్తుండగా ఎర్రపిల్లల మీద కప్ప వేసి చేపను తీసుకుపోయాడు. సమితి కూర్చుంది. "ఎర్రగా ఉన్నయా, నల్లగా ఉన్నయా?" అని నేను అడిగాను. "ఎర్రగనే ఉన్నయి" అన్నాడు. "తెలిసే పట్టినవా?" అన్నాను. "తెలిసే" అన్నాడు. ఒకరిద్దరు ముసలామె కోసం కదా, పోనీ అన్నారు. ఒకరికి పోనీ అంటే అందరికీ పోనీ అనాల్సి వస్తుందని నేనే గట్టిగా నిలబడ్డాను. ఏడాది అన్నాను. హిడ్మా లేచి పోయాడు. ముసలామె ఆ చేప రెండు ముద్దలు తిని మర్నాడు పోయింది. ఏడాది కావడానికి ఇంకా పదిహేను రోజులుంది. ఈ ఏడాదంతా అతడు మాతో మాట్లాడడం మానలేదు. చెరువు గురించి మాత్రం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దంతా ముసురు. నాగేశ్వరమ్మ ఒక్క చెంచా కూడా తీసుకోలేదు. లేచి బయటికి వెళ్లబోయి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. నేను పట్టుకుంటే చేతుల్లో ఏమీ లేనట్టు ఉంది. ముప్పై ఒక్క ఏళ్లు కలిసి బతికిన మనిషి, ఎండు కట్టెల మోపంత కూడా లేదు.

ఆ రోజు సందెవేళ ముంతలో కప్పల్ని వేసుకుని తూము వైపు వెళ్లాను.

మబ్బు కిందికి దిగి ఉంది. వాన లేదు. కలువాకుల పక్కన నీళ్ల మీద చినుకులు పడ్డట్టు అయ్యింది. అక్కడే ఉన్నాయి. వంగి చూశాను. ఆ వెలుతుర్లో నీళ్లు నల్లగా ఉన్నాయి, ఆకులు నల్లగా ఉన్నాయి, నా చేయి నల్లగా ఉంది. పిల్లలూ నల్లగానే ఉన్నాయి.

"నల్లబడ్డయి" అన్నాను పైకే. పక్కన ఎవరూ లేరు. దేవుడికి వినిపించాలని అన్నానో, నాకు వినిపించాలని అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

మొదటిసారి కప్ప పడగానే చేప దాన్ని ముట్టెతో కొట్టి అవతలికి విసిరింది. కరవలేదు. పొమ్మంటున్నట్టు ఉంది. రెండోసారి సరిగ్గా ముద్ద మధ్యలో దించాను. నీళ్లు ఉబ్బి, డుబుక్కుమని చప్పుడైంది. దారం పక్కకు పోయింది. మూడుసార్లు రామనామం అనుకునేంత సేపు ఆగాలి కదా. ఆ రోజు నా నోటికి ఆ పేరు రాలేదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టి లాగాను.

కిలోన్నర ఉంటుంది. తడి సంచిలో వేసి మూతి బిగిస్తే, దారి పొడుగునా నా తొడకు తగులుతూ కొట్టుకుంది.

ఇంటికి వచ్చి సంచి కింద పెట్టగానే ఆ చప్పుడు విని నాగేశ్వరమ్మ తల తిప్పింది. "కొర్రమీనేనా?" అంది. లేచి కూర్చుంది. ఎవరూ పట్టుకోకుండా లేచి కూర్చుంది.

"ఎక్కడ వడ్డది?"

"తూము కాడ."

"పిల్లలు లేవా ఆడ?"

"నల్లబడ్డయి."

ఆమె తల ఊపింది. నా మాటను ఆమె ఎప్పుడూ రెండోసారి అడిగి ఎరగదు.

చేపకు బూడిద రుద్ది జిగురు తీశాను. ఆమె మంచం మీద కూర్చునే నాతో వండించింది. "అల్లం దంచు. మెత్తగ దంచు. చింతపండు గంత నానేస్తవా? పెండ్లికి వండుతున్నవా ఏంది? సగం తియ్యి. మిరియాలు. ఇంకొన్ని. నీ చేతులకు ఏమైంది, నాలుగు మిరియాలు పోయేటందుకు ఇంత సేపా?"

"అలిసిన."

"నువ్వు అలిసినవ్, నేను పండుకుని అలిసిన. కలియబెట్టకు, ముక్క చితుకుతది. గిన్నె పట్టుకుని తిప్పు."

చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో ఆ విసుగు విన్నాను. ఆ విసుగు కోసం నేను ఏం చేయడానికైనా సిద్ధంగా ఉన్నానని అప్పుడు తెలిసింది. చేసేసి వచ్చానని కూడా తెలిసింది.

గిన్నెడు చారు తాగింది. అన్నంలో కలిపి నాలుగు ముద్దలు తింది. ఆమె గొంతు కదలడం చూస్తూ పక్కనే కూర్చున్నాను. ఒక్క ముద్దా వెనక్కి రాలేదు.

"నువ్వు తినవా?"

"శ్రావణం గదా."

"పట్టేటప్పుడు లేని శ్రావణం తినేటప్పుడు వచ్చిందా?" అని నవ్వింది. ఆమె మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

తెల్లారేసరికి వాన వెలిసి ఎండ వచ్చింది. పదకొండు రోజుల తర్వాత ఎండ. దీపం పెట్టి నేరుగా తూము దగ్గరికి పోయాను. పోకుండా ఉండలేకపోయాను.

ఎర్రగా ఉన్నాయి. కుంకుమ కన్నా ఎర్రగా ఉన్నాయి. ముద్దగా తిరగడం మాని, కలువాకు కింద తోక ఎటో తల ఎటో చెదిరి, మళ్లీ దగ్గరికి చేరుతున్నాయి. తూము గుంజ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. నేను చూస్తుండగానే ఒకసారి దూకి లేచింది. నల్లబడడానికి వాటికి ఇంకా ఇరవై రోజులైనా పడుతుంది.

"ఏం జూస్తున్నవ్ దాదా?"

వెనక్కి తిరిగాను. గట్టు మీద హిడ్మా గడ్డిమోపుతో నిలబడి ఉన్నాడు. అన్నా అనే బదులు నన్ను దాదా అంటాడు.

"పిల్లలు" అన్నాను.

మోపు దించి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. నీళ్ల కింద ఏ కదలికా లేదు.

"పెద్దది ఏది?"

నేను లకుముకి పిట్ట వైపు చూశాను.

"రాత్రి మీ ఇంట్ల మిరియాల చారు వాసనొచ్చిందని కోసే జెప్పింది. అక్క తిన్నదా?"

"తిన్నది."

"కడుపు నిండ తిన్నదా?"

"తిన్నది హిడ్మా."

"మంచిగైంది" అన్నాడు. నిజంగానే అన్నాడు. మళ్లీ నీళ్లవైపు చూసి, "ఏ యాళ పట్టినవ్?" అన్నాడు.

"సందేల."

అతడు నవ్వలేదు. తిట్టినా బాగుండేది. "సందేల అన్నీ నల్లగనే ఉంటయి దాదా" అన్నాడు. "నాకు ఆ తెలివి రాలే. మా అమ్మ కోసమని పొద్దుగాల్నే పోయిన. నువ్వు అడిగితే ఎర్రగున్నయనే జెప్పిన."

"జంటలో రెండోది ఉంటదేమో" అన్నాను.

"ఉంటే గా లకుముకి గట్ల కూసోదు."

గడ్డిమోపు తలకెత్తుకుని వెళ్లిపోయాడు. అతడు ఎవరికైనా చెబుతాడని నేను భయపడలేదు. చెప్పడని తెలుసు. ఇక చెప్పాల్సింది నేనే.

ఇంటికి వచ్చి నాగేశ్వరమ్మకు చెప్పాను. ఎర్రగా ఉన్నాయని, సందెవేళ కావాలనే వెళ్లానని, ఇన్ని రోజులుగా ఆ వైపు వెళ్లనిది కూడా అందుకేనని. ఆమె ఒళ్లో చేతులు పెట్టుకుని విన్నది. పొయ్యి పక్కన గిన్నెలో రాత్రి మిగిలిన చారు ఉంది.

"అయితే అది పారబోస్తవా?" అంది.

"నీ ఇష్టం."

"పారబోస్తే పోయి ఆ పిల్లల కాడ నిలబడ్తదా? ఇటు తే."

వెచ్చబెట్టి ఇచ్చాను. నిన్నటిలా తినలేదు. ఒక్కొక్క ముద్దా నమిలి, నీళ్లు తాగి, మళ్లీ నమిలి, మొత్తం తింది. గిన్నె కింద పెట్టి నన్ను చూసింది.

"సమితిల చెప్తవా?"

"చెప్త."

"చెప్పు. గని నాకోసం పట్టిన అని చెప్పకు. నేను కొర్రమీను అడిగిన. సందేల పొమ్మనలే."

ఆ సాయంత్రం కట్ట మీద తొమ్మిది మంది కూర్చున్నాం. ఉంగ వచ్చాడు. మా అందరిలో వయసు మీరినవాడు, మైసమ్మకు పూజ చేసేది ఆయనే. హిడ్మా కూడా వచ్చి చివర కూర్చున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఎవరి కోసమో చెప్పలేదు. అందరికీ తెలుసు.

ఒకరు, "వదినె పానం బాగలేదు గదా, పోనీ" అన్నారు. పోయినేడు విన్న మాటే. ఉంగ నావైపు చూసి, "నువ్వే పెద్దవు. నువ్వే చెప్పు" అన్నాడు.

"ఏడాది" అన్నాను. "పెద్దరికం గూడ ఇంకొకరికి ఇయ్యండి."

"ఎవరికి ఇయ్యాలె? హిడ్మాకా?" అని ఎవరో అంటే నవ్వులు లేచాయి.

హిడ్మా కూర్చున్నచోటి నుంచే అన్నాడు: "నాకొద్దు. పెద్దరికం జేస్తె రంగులు సరిగ కనిపియ్యవట." మళ్లీ నవ్వారు. నేను తల దించుకున్నాను. నవ్వులు ఆగాక అతడే మళ్లీ అన్నాడు: "ఏడాది గాలం ఎయ్యకపోతే ఈ దాదకు ఏం బాధ? పొలముంది, పనుంది. నాకు ఏడాది శిక్ష ఏసినప్పుడు గూడ నేను అదే అనుకున్న. నా చేతులు కట్టేస్తే ఆ పిల్లలకేమొచ్చింది? అన్ని పోయినయి. ఇప్పుడన్న ఒక పని జెయ్యండి. పెద్దచేపను తీసిండు గద, ఆ జాగల ఈయననే కూసోబెట్టండి. నల్లబడేదాక."

ఎవరూ నవ్వలేదు. అలాంటి శిక్ష మా చెరువులో ఎప్పుడూ లేదు. ఉంగ గడ్డం గోక్కుని, "బాగనే ఉంది. గాలం ఏడాది ఎట్లాగూ ఉంది. ఇది దాని మీద" అన్నాడు.

అలా నేను తూము దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. తెల్లారి నుంచి చీకటి పడేదాకా. నారు వేసిన పొలం వైపు మధ్యాహ్నం ఒక గంట వెళ్లి వచ్చేవాణ్ణి. అంతలోనే కొంగ దిగేది. గుంజకు చిరిగిన గోనె సంచి కట్టాను. పొడవాటి వెదురుతో నీళ్లను కొడుతూ ఉన్నాను. పిట్టలను తోలగలను. కింద నుంచి వచ్చే జెల్లను ఎలా తోలను? ముద్ద ఒక పక్క హఠాత్తుగా చెదిరేది. ఆ చోట వెదురు గుచ్చేవాణ్ణి. తీసి చూస్తే బురద. ఒక్క చేప నీళ్లలో ఏ హడావుడీ లేకుండా చేసే పని, నేను ఒడ్డున అరుస్తూ, కొడుతూ చేయలేకపోయాను. నడుము పట్టేసింది. వెదురు పట్టి పట్టి చేతులు బొబ్బలెక్కాయి.

ఇలా కూర్చోవడం దేవుడికి ఏమైనా ముట్టిందా అని ఒక్కోసారి అనుకునేవాణ్ణి. సందెవేళ చేసిన దానికి పట్టపగలు చెల్లించినట్టేనా? ఆమె తిన్నది నిజం. ఆమె తినడం తప్పు అని ఏ దేవుడూ అనడు. నేను పట్టడం తప్పు. ఆ రెండూ ఒకే చేప. దీన్ని ఎలా విడదీయాలో ఎవరిని అడగాలో తెలియలేదు. దండం పెట్టుకుంటే పేరు నోటికి వస్తోంది, అంతవరకే.

ఐదో రోజు కోసే ఆ దారిన పోతూ, "బావా, మూల ఎండుతున్నది. కొంచెమే గని ఎండుతున్నది" అని చెప్పి పోయింది. ఇప్పుడు పప్పుచారు కూడా రెండు ముద్దలు తింటోందట. నేను వెదురు పక్కన పెట్టి కాసేపు ఉత్తగా కూర్చున్నాను. ఆ కాసేపట్లో లకుముకి రెండుసార్లు దూకింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కట్ట మీద ఎవరో మెల్లగా నడిచి రావడం కనిపించింది. పది అడుగులకు ఒకసారి ఆగుతోంది. దగ్గరికి వచ్చేదాకా అది నాగేశ్వరమ్మ అని నేను పోల్చుకోలేకపోయాను. ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో అన్నం డబ్బా పట్టుకుని ఉంది.

"ఎందుకు వచ్చినవ్? ఇంత దూరం నడువచ్చా?"

"నడిచిన గదా. తిను."

డబ్బా నా ముందు పెట్టి, మెల్లగా, రెండు సార్లు ఆగి, గట్టు మీద కూర్చుంది. నీళ్లలోకి చూసింది.

"ఇవేనా?"

"ఇవే."

"ఇంకా ఎర్రగనే ఉన్నయి."

"ఇంకో పది రోజులన్న పడ్తది."

"ముందుగాల ఎన్ని ఉండె?"

"పళ్లెం నిండ. వెయ్యి ఉండొచ్చు."

ఆమె మళ్లీ చూసింది. ఇప్పుడు దోసెడు ఉన్నాయి. రెండు దోసిళ్లు అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

చాలాసేపు అలాగే చూస్తూ ఉండి, తన కడుపు మీద చేయి తీసి, నా పక్కనున్న వెదురును తన వైపు లాక్కుంది. అది ఆమెకు బరువే. మొదలు నేల మీద ఆనించి, కొసను నీళ్ల మీదికి చాపి పట్టుకుంది.

"చేయి కడుక్కుని తిను" అంది. "నువ్వు తినేదాక నేను చూస్త."

నేను చేయి కడుక్కుని డబ్బా మూత తీశాను. ఆమె నీళ్ల మీద నుంచి చూపు తిప్పలేదు.